ఆర్కిడ్‌కి రెండు పూల కాడలు వచ్చాయి, పుల్ల ఎప్పుడు కట్టాలి?

కిటికీ పక్కన (బరంపురం) • జనవరి 4, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు.

పోయిన ఏడాది మా గృహప్రవేశానికి తమ్ముడు ఒక ఆర్కిడ్ తెచ్చిచ్చాడు. తెల్ల పూలు, మధ్యలో పసుపు. ఫెలనాప్సిస్ అని చీటీ ఉంది. ఏప్రిల్‌కల్లా పూలన్నీ రాలిపోయాయి. అప్పటినుంచి ఆకులే. పారేద్దామని మావారు రెండుసార్లు అన్నారు. ఇప్పుడు చూస్తే ఒకటి కాదు, రెండు కాడలు! ఒకటి జానెడు ఉంటుంది, కిటికీ వైపు వంగి పోతోంది. రెండోది చిటికెన వేలంత.

కొన్నప్పుడు దానికి పుల్లా క్లిప్పులూ అన్నీ ఉన్నాయి, ఎక్కడ పెట్టానో దొరకలేదు. ఇప్పుడే కట్టేయాలా? ఆగాలా? అన్ని వైపులా ఎండ తగలాలని రోజూ కుండీ తిప్పుతున్నాను. అందుకేనేమో కాడ మెలికలు తిరిగినట్టుంది. టెన్షన్‌గా ఉంది.

---

పర్లాకిమిడి పిన్ని • జనవరి 4, రాత్రి 9:40

ఓలమ్మో, రెండు కాడలే! దిష్టి తియ్యమ్మా ముందు.

చిన్నది కాడేనా, వేరా? సరిగ్గా చూశావా? నేను ఒకసారి వేరుకి నెల రోజులు పుల్ల కట్టి కూర్చున్నాను.

---

కొండమామ (సునాబెడ) • జనవరి 5, ఉదయం 6:05

పిన్నిగారి అనుమానం న్యాయమైనదే. తేడా చెప్తాను. పూల కాడ ఆకు మొదట్లోంచి, ఆకుకీ కాండానికీ మధ్య సందులోంచి వస్తుంది. కొన చదునుగా, ఒక పక్కకి తిరిగి, చిలక ముక్కులా ఉంటుంది. వేరు ఎక్కడినుంచైనా వస్తుంది. దాని కొన గుండ్రంగా నిగనిగలాడుతుంది, వెనక భాగం వెండి రంగుకి తిరుగుతుంది. కాడ అంతా పచ్చగానే ఉంటుంది, కణుపులు కనిపిస్తాయి.

ఇక అసలు మాట. అమ్మా, కుండీ తిప్పడం ఈ రోజుతో ఆపేయండి. కాడ వెలుతురు వైపు పెరుగుతుంది. మీరు తిప్పిన ప్రతిసారీ అది మళ్లీ మొదటినుంచి దారి వెతుక్కుంటుంది. మొగ్గలొచ్చాక తిప్పితే ఇంకా ఘోరం. ఆర్కిడ్ మొగ్గ తన తొడిమ మీద అర చుట్టు తిరిగి, పెదవిలా ఉండే రేకు కిందికి వచ్చేలా సర్దుకుని అప్పుడు విచ్చుకుంటుంది. ఆ సర్దుబాటు జరిగేటప్పుడు కుండీ కదిపితే ఒక పువ్వు తూర్పుకీ ఒకటి పడమరకీ చూస్తాయి. కుండీకి కిటికీ వైపు ఒక సుద్ద గీత పెట్టండి. నీళ్లకి తీసినా అదే గీత మళ్లీ కిటికీ వైపు.

కట్టడం సంగతి: జానెడు కాడ అంటే సరైన వయసే. చిన్నదాన్ని ఇంకో నెల ముట్టుకోవద్దు.

---

బల్లార్షా కుర్రాడు • జనవరి 5, ఉదయం 8:30

ఫోటో పెట్టండి అక్కా. నేను ఇప్పటికి మూడు ఆర్కిడ్‌లు చంపాను. కాడ ఎలా ఉంటుందో కూడా తెలీదు నాకు.

---

కిటికీ పక్కన • జనవరి 5, మధ్యాహ్నం 1:15

(ఫోటో)

రెండూ కాడలే! రెండింటికీ చిలక ముక్కు ఉంది. సుద్ద గీత పెట్టేశాను. గీత చూసి మా అత్తగారు ఇదేం ముగ్గు అన్నారు.

---

రాయగడ మొక్కలు • జనవరి 5, సాయంత్రం 4:20

మొక్క బాగుంది మేడమ్. ఆకు రంగు సరిగ్గా ఉంది. మరీ ముదురాకుపచ్చ అయితే వెలుతురు చాలలేదని, పసుపో ఎరుపో తిరిగితే ఎండ ఎక్కువైందని లెక్క. మీ ఊళ్లో తూర్పు కిటికీ అయితే ఇంకేం అక్కర్లేదు.

కాడలు ఇప్పుడే ఎందుకొచ్చాయంటే చలి. రాత్రి వేడి 25 డిగ్రీల లోపుకి దిగి కొన్ని వారాలు అలాగే ఉంటేనే ఈ జాతి కాడ వేస్తుంది. పగలూ రాత్రీ 28 దాటి ఉంటే ఆకులు పెడుతుందే గానీ పూత ఆలోచన చెయ్యదు. బరంపురంలో సముద్రపు ఉక్క కార్తీకం దాకా వదలదు కాబట్టి సంక్రాంతి ముందు వస్తాయి. మా దగ్గర రాయగడలో నెల ముందే కనిపిస్తాయి.

పుల్లకి వెదురు చీల్చినది వాడండి. నర్సరీల్లో పుల్లా క్లిప్పులూ కలిపి సెట్‌గా అమ్ముతారు, నేనూ అమ్ముతాను. కానీ మీకు అవసరం లేదు.

---

పర్లాకిమిడి పిన్ని • జనవరి 5, సాయంత్రం 6:02

అమ్మేవాడే వద్దంటున్నాడు, ఈ కాలంలో ఇలాంటి వాళ్లున్నారా!

నేను పాత గొడుగు ఊచ వాడతాను. సన్నంగా ఉంటుంది, ఎటు కావాలంటే అటు వంగుతుంది. తుప్పు పట్టకుండా కొబ్బరి బొండం తాగే స్ట్రా తొడిగితే సరిపోతుంది. కట్టడానికి అరటి నార. మా వీధి చివర పూలమ్మి మాల కట్టే నారే, తడిపితే మెత్తగా ఉంటుంది.

---

కొండమామ • జనవరి 5, రాత్రి 8:50

ఊచ సరే, నారతో నాకు పేచీ ఉంది పిన్నిగారూ. తడి నార ఆరాక బిగుస్తుంది. కాడ లావెక్కేకొద్దీ అది కోసుకుపోతుంది. మాలకి బిగువు కావాలి, కాడకి వదులు కావాలి. ఉన్ని దారమో, పాత కాటన్ చీర పీలికో తీసుకుని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. ఒక సున్నాలో పుల్ల, ఇంకో సున్నాలో కాడ. కాడ సున్నాలో అగ్గిపుల్ల దూరేంత సందు ఉండాలి.

అన్నిటికంటే తేలిక చిన్నపిల్లల జడకి పెట్టే గోళ్ల క్లిప్పు. వేలి గోరంత ఉంటుందే, అది. పుల్లనీ కాడనీ కలిపి పట్టుకుంటుంది. రేపు జరపాలంటే నొక్కి తీసి పైకి పెట్టుకోవచ్చు.

పని రెండు రోజులుగా చెయ్యండి. పుల్ల గుచ్చడం నీళ్లు పోసిన రోజు, ఎందుకంటే తడిసిన వేరు మెత్తగా పక్కకి జరుగుతుంది, ఎండు వేరు పుటుక్కున విరుగుతుంది. పుల్లని నెట్టొద్దు, అటూ ఇటూ తిప్పుతూ దించండి. ఏదైనా అడ్డం తగిలితే అది వేరే, తీసి పక్కన గుచ్చండి. కాడ కట్టడం మాత్రం మూడు నాలుగు రోజుల తర్వాత, మొక్క కాస్త దాహంగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం వేడిలో. నీళ్లు నిండుగా తాగిన కాడ గాజు గొట్టం లాంటిది, వంచితే పగులుతుంది. వేరుకి తడి, కాడకి పొడి అని గుర్తుపెట్టుకోండి.

మొదటి క్లిప్పు కిందనుంచి రెండో కణుపు కింద. ఒక్కరోజులో నిటారుగా నిలబెట్టకండి. ఇవాళ వేలెడు, వారం తర్వాత ఇంకో వేలెడు. కణుపు మీద క్లిప్పు వెయ్యొద్దు, అక్కడినుంచే కొమ్మ రావచ్చు. కొన నాలుగంగుళాలు ఎప్పుడూ స్వేచ్ఛగా వదిలెయ్యండి. అది పెరిగే చోటు, లేత బెండకాయ కొనలా ఉంటుంది.

ఇంకోటి, పుల్ల పై కొసకి పిల్లల రబ్బరు ముక్క గుచ్చండి. నీళ్లు పోసేటప్పుడు వంగి కన్ను పొడుచుకోబోయిన అనుభవంతో చెప్తున్నా.

---

కిటికీ పక్కన • జనవరి 9, రాత్రి 10:30

ఏడుపొస్తోంది.

పుల్ల మొన్న మీరు చెప్పినట్టే గుచ్చాను. ఇవాళ సాయంత్రం పని తొందరలో, నీళ్లు పోశాక గుర్తొచ్చి, పోన్లే అని కట్టబోయాను. కాడని పుల్ల దగ్గరికి తెస్తుంటే చిన్న చప్పుడు. చిక్కుడుకాయ విరిచినప్పుడు వచ్చే చప్పుడే. చూస్తే మూడో కణుపు కింద ఒక పక్క చీలింది. పూర్తిగా ఊడలేదు, ఇంకో పక్క తోలు పట్టుకుని ఉంది. చీలిన చోట నీరు ఊరుతోంది.

అత్తగారు వెంటనే పసుపు తెచ్చారు. పెట్టనా?

---

కొండమామ • జనవరి 9, రాత్రి 10:41

పసుపు పెట్టొద్దు. లోపల పసుపు పొడి ఉంటే రెండు అంచులూ కలవవు. చీలిక రెండు పెదాలూ ఆనేలా మెల్లగా నొక్కి పట్టుకుని, పక్కన రెండు అగ్గిపుల్లలు పెట్టి, డాక్టర్లు వాడే కాగితం ప్లాస్టర్ చుట్టండి. దాని పైనా కిందా ఒక్కో క్లిప్పు పెట్టి పుల్లకి ఆనించండి, బరువు చీలిక మీద పడకూడదు. ఇప్పుడే చెయ్యండి, రేపు కాదు.

---

కిటికీ పక్కన • జనవరి 9, రాత్రి 11:08

చేశాను. మావారు టార్చి పట్టుకున్నారు. క్లిప్పులకి మా పాప జడ విప్పాను, నిద్రలో ఉంది, తెలీదు.

---

సిరొంచ మాస్టారు • జనవరి 10, ఉదయం 7:15

పరేషాన్ కాకమ్మా. రసం పోయే దారి సగం మిగిలి ఉంటే చాలు, అతుక్కుంటుంది. మూడు నాలుగు రోజులు కొన చూడండి. వాడి వేలాడితే ఇక లాభం లేదు, చీలిక కింద కణుపుకి అర అంగుళం పైన కోసేయండి. ఆ కణుపు నిద్రలేచి పక్క కొమ్మ వేసే అవకాశం ఉంటుంది. కోసే బ్లేడు మంట మీద కాల్చి చల్లార్చాకే ముట్టించండి.

మాకు ప్రాణహిత, గోదావరి కలిసే చోట చలికాలం హాయిగానే ఉంటది. మా బాధంతా మే నెల గురించి, అది తర్వాత రాస్త.

---

బల్లార్షా కుర్రాడు • జనవరి 10, ఉదయం 9:50

మధ్యలో నా గోల. నా మూడూ ఎందుకు చచ్చాయో ఎవరైనా చెప్తారా? వీడియోలో చూసి నీళ్లకి బదులు వారానికి మూడు ఐస్ ముక్కలు పెట్టేవాణ్ణి.

---

కొండమామ • జనవరి 10, ఉదయం 11:00

ఐసా! ఇది వేడి అడవుల్లో చెట్ల కొమ్మల మీద బతికే మొక్క నాయనా. ఫిలిప్పీన్స్, ఇండొనేషియా వైపు దాని పుట్టిల్లు.

---

రాయగడ మొక్కలు • జనవరి 10, మధ్యాహ్నం 12:10

మామగారూ, ఒక్క మాట. ఐస్ విషమేం కాదు. అమెరికాలో విశ్వవిద్యాలయాల వాళ్లు బెరడు ముక్కల్లో పెంచిన మొక్కలకి ఐస్ పెట్టి చూసి, వేళ్లకీ పూలకీ హాని కనిపించలేదని 2017లో రాశారు. కాకపోతే అది చల్లటి గదుల లెక్క. బల్లార్షా ఎండకి వారానికి మూడు ముక్కలు ఏ మూలకి? తమ్ముడి మొక్కలు దాహంతో పోయుంటాయి. కుండీలో ఏముండేది తమ్ముడూ?

---

బల్లార్షా కుర్రాడు • జనవరి 10, మధ్యాహ్నం 12:25

మొదటి దాంట్లో మట్టి. ఎర్రమట్టి, పేడ ఎరువు కలిపి బాగా వేశాను.

---

పర్లాకిమిడి పిన్ని • జనవరి 10, మధ్యాహ్నం 12:31

శివశివా. దాన్ని పూడ్చిపెట్టావు నాయనా.

---

కొండమామ • జనవరి 10, మధ్యాహ్నం 12:58

రాయగడ తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటాను, ఐస్ మీద నాకున్నది కోపమే గానీ ఆధారం కాదు.

కుర్రవాడా, ఆర్కిడ్ వేరుకి నీళ్లతో పాటు గాలి కావాలి. వేరు చుట్టూ స్పంజిలాంటి తెల్లటి పొర ఉంటుంది, వాన పడగానే పీల్చుకుని మళ్లీ ఆరిపోతుంది. అందుకే ఎండినప్పుడు వెండి రంగు, తడిసినప్పుడు ఆకుపచ్చ. మట్టిలో ఆ పొర ఆరదు, కుళ్లుతుంది. బెరడు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు వేసి, పక్కల చిల్లులున్న కుండీలో పెట్టు. వేళ్లు వెండి రంగుకి వచ్చాకే నీళ్లు. అప్పుడు కుండీని పది నిమిషాలు బకెట్లో ముంచి తీసి కారనివ్వు. చలికాలం వారానికోసారి, ఎండాకాలం రెండు మూడు రోజులకోసారి. వారాలు లెక్కపెట్టకు, వేరు రంగు చూడు. ఆకుల నడుమ గుంటలో నీళ్లు నిలిస్తే దూదితో అద్దెయ్యి, అక్కడ కుళ్లితే మొక్క పోయినట్టే.

---

కిటికీ పక్కన • జనవరి 14, మధ్యాహ్నం 3:00

భోగి, సంక్రాంతి హడావిడిలో రాయలేదు. కొన వాడలేదు! కొంచెం పెరిగింది కూడా.

ఇంకో సమస్య. అత్తగారికి ఈ మొక్క చెట్ల మీద పెరుగుతుందని నోరుజారి చెప్పాను. "బదనికని తెచ్చి నట్టింట్లో పెట్టావా, ఇంటిని పీల్చేస్తుంది" అంటున్నారు. పండగ పూట మొక్కని బాల్కనీలోకి తోశారు.

---

కొండమామ • జనవరి 14, సాయంత్రం 5:30

ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు. మావిడి చెట్టు మీద బదనిక కొమ్మలోకి వేరు దించి రసం తాగుతుంది, ఆ కొమ్మ ఎండుతుంది. దాన్ని చూసినవాళ్లకి చెట్టెక్కిన ప్రతి మొక్కా బదనికే. పైగా మన అడవుల్లో మావిడి, ఇప్ప చెట్ల మీదుండే వండా ఆర్కిడ్‌ని కూడా చాలామంది అదే పేరుతో పిలుస్తారు. ఒడియా వాళ్లు దాన్నే రాస్న అని మందుకి వాడతారు.

ఆర్కిడ్ చెట్టుని తినదు. అరుగు మీద కూర్చున్న బాటసారి లాంటిది. చోటు కావాలి అంతే, అన్నం అడగదు. దాని తిండి వాననీళ్లూ, బెరడు మీద చేరిన ఆకు కుళ్లూ. అత్తగారికి ఇలా చెప్పి చూడండి. మొక్కని మాత్రం వెంటనే లోపలికి తెండి, సుద్ద గీత కిటికీ వైపు.

చెట్టు మాట వచ్చింది కాబట్టి, దేవమాలి కొండ వైపు వెళ్లేవాళ్లు అడవిలోంచి ఆర్కిడ్‌లు పీక్కొస్తున్నారు. దయచేసి వద్దు. ఇంట్లో బతకవు, చట్టం కూడా ఒప్పుకోదు.

---

జయపురం జాజి • జనవరి 29, ఉదయం 10:10

నాకూ కాడ వచ్చింది, కానీ కణుపు దగ్గర మొగ్గకి బదులు రెండు చిన్న ఆకులు మొలిచాయి. జబ్బా?

---

రాయగడ మొక్కలు • జనవరి 29, ఉదయం 11:45

జబ్బు కాదు, పిల్ల మొక్క. కేకీ అంటారు, హవాయి భాషలో బిడ్డ అని. రెండు మూడు వేళ్లు వచ్చి ఒక్కోటి రెండంగుళాలు అయ్యేదాకా తల్లి మీదే ఉంచండి. తర్వాత కాడ ముక్కతో సహా కోసి వేరే పెట్టుకోండి.

---

కిటికీ పక్కన • ఫిబ్రవరి 20, రాత్రి 8:15

పెద్ద కాడ పుల్ల అంత ఎత్తు వచ్చింది. చీలిన చోట ప్లాస్టర్ విప్పి చూస్తే చెరుకు కణుపులా బుడిపె కట్టింది. ఏడు మొగ్గలు. రెండో కాడకి మొన్ననే మొదటి క్లిప్పు పెట్టాను, ఈసారి దాహంగా ఉన్నప్పుడు, మధ్యాహ్నం రెండింటికి. గడ్డిపరకలా వంగింది.

కానీ నిన్నటినుంచి పెద్ద కాడ మీద రెండు మొగ్గలు పసుపుపచ్చగా అయి రాలిపోయాయి. నీళ్లు సరిగ్గానే ఉన్నాయి. చోటు మార్చలేదు. ఏం తప్పు చేశాను?

---

సిరొంచ మాస్టారు • ఫిబ్రవరి 20, రాత్రి 9:00

మొన్ననే శివరాత్రి అయింది కద. పండ్లు ఏమన్నా దగ్గర పెట్టిన్రా?

---

కిటికీ పక్కన • ఫిబ్రవరి 20, రాత్రి 9:07

అయ్యో. ఉపవాసానికి తెచ్చిన అరటి గెల కిటికీ గట్టు మీదే ఉంది. ఇంకా సగం ఉంది.

---

సిరొంచ మాస్టారు • ఫిబ్రవరి 20, రాత్రి 9:30

అదే దొంగ. పండే పండు ఇథిలీన్ అనే గాలి వదులుతది. పక్క కాయని పండించేది అదే, మొగ్గని రాల్చేది అదే. పొగలోనూ ఉంటది, అందుకే సాంబ్రాణి కూడా పక్క గదిలో వెయ్యిన్రి. మా బడిలో పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు గోనెసంచిలో మామిడికాయలు పండించి చూపిస్త.

మిగిలిన ఐదూ నిలుస్తయి. మొగ్గలు గోళీ అంత అయినయంటే ఇక క్లిప్పులు మొదటి మొగ్గ కింద ఆపేయిన్రి. అక్కడినుంచి కాడ బరువుకి తానే వంగుతది, ఆ వంపే అందం. కుండీ తేలికది అయితే పెద్ద మట్టికుండలో దింపి చుట్టూ గులకరాళ్లు పోయిన్రి. పూల బరువుకి నాది ఒకసారి రాత్రిపూట బోర్లాపడింది.

---

కిటికీ పక్కన • మార్చి 11, ఉదయం 6:40

(ఫోటో)

విచ్చుకుంది! నిన్న రాత్రి పడుకునేటప్పుడు మొగ్గకి చిన్న చీలిక ఉంది. పొద్దున లేచేసరికి మూడు రేకులు వెనక్కి, రెండు పెద్ద రేకులు పక్కలకి. ఐదు మొగ్గలూ ఒకే వైపు చూస్తున్నాయి కొండమామ గారూ, గదిలోకి కాదు, కిటికీలోంచి వీధిలోకి! మేం చూడాలంటే కిందికి దిగి వెళ్లాలి.

---

కొండమామ • మార్చి 11, ఉదయం 7:20

అవును మరి, వెలుతురు అటుంది. అన్నీ విచ్చాక అప్పుడు తిప్పుకోండి, ఇక ఏం కాదు.

ఈ పువ్వుని చూసే 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఈ జాతికి ఫెలనాప్సిస్ అని పేరు పెట్టాడు. దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగులా ఉందని గ్రీకులో అర్థం.

---

పర్లాకిమిడి పిన్ని • మార్చి 11, ఉదయం 7:55

ఇంత అందమైన పువ్వుకి పురుగు పేరేటి, ఆయనకి ఇంట్లో ఆడవాళ్లు లేరా?

---

సిరొంచ మాస్టారు • మార్చి 12, రాత్రి 8:40

ఎండాకాలం గురించి రాస్తనన్న కద. మాకూ బల్లార్షాకీ మేలో 45 దాటుతది. కూలర్ ఉన్న గదిలో పెట్టిన్రి, గాలి మాత్రం నేరుగా తగలద్దు. వెడల్పు పళ్లెంలో రాళ్లు పోసి, నీళ్లు పోసి, రాళ్ల మీద కుండీ పెడితే చుట్టూ తేమ ఉంటది. వేరు నీళ్లని తాకద్దు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే వాననీళ్లు పట్టి దాచుకోన్రి. ఎరువు లీటరు నీళ్లకి అర గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది), రెండు వారాలకోసారి చాలు. రైతుల దుకాణంలో కిలో ప్యాకెట్టే ఇస్తడు, పదేళ్లు వస్తది.

---

బల్లార్షా కుర్రాడు • మార్చి 12, రాత్రి 9:05

నాలుగోది కొన్నాను. మట్టి లేదు, ఐస్ లేదు. బకెట్ ఉంది.

---

కిటికీ పక్కన • మార్చి 30, రాత్రి 9:20

రెండో కాడ కూడా మొదలైంది. నాలుగు మొగ్గలు, ఒక్కటీ రాలలేదు. పెద్ద కాడ పూలన్నీ అయిపోయాక ఎక్కడ కొయ్యాలో అప్పుడు మళ్లీ అడుగుతాను.

బదనిక అన్న అత్తగారే ఇప్పుడు వీధిలో వాళ్లని పిలిచి చూపిస్తున్నారు. పుల్ల మీద ఆరు క్లిప్పులున్నాయి, రెండు గులాబీ, నాలుగు నీలం. మా పాపకి నిన్న సంగతి తెలిసిపోయింది. తనవి తనకి కావాలని ఏడుపు. పూలు రాలేదాకా ఆగమన్నాను. రోజూ బడినుంచి రాగానే ఎన్ని రాలాయో లెక్కపెడుతోంది.